ముప్పై మెషీన్ల రెబ్కా
రెబ్కాకి రావలసిన ల్యాబ్ టెక్నీషియన్ పోస్టును కాలేజీ కరస్పాండెంటు గారి బావమరిదికిచ్చి, ఆమెను అటెండరుగానే ఉంచేశారు. చిలకలూరిపేట దారిలో పత్తిచేల మధ్య ఉంటుంది ఆ ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడి సర్వర్లో ముప్పై వర్చువల్ మెషీన్లు, అంటే విద్యార్థికొకటి చొప్పున ఉత్తుత్తి కంప్యూటర్లు, తయారుచేసేది మాత్రం ఆమే. మౌసు ముట్టదు. నల్ల తెర మీద ఒక కమాండ్ కొట్టి, చర్చిలో పాస్టరు కీర్తన ఒక వచనం చదివి సంఘం బదులు కోసం ఆగినట్టు, మెషీన్ జవాబిచ్చేదాకా కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆగుతుంది. కల్లాల మీంచి మిరప ఘాటొచ్చి తుమ్మినా వేలు తప్పదు.

బావమరిదికి అంత ఓపిక లేదు. ప్రాక్టికల్ పరీక్ష రోజున కమాండ్లన్నీ ఒకేసారి అతికించి, సర్వర్లో ఉన్నదానికంటే ఎక్కువ మెమరీ పంచేశాడు. ఒక్క మెషీనూ లేవలేదు. పిల్లలం గుమ్మంలో నిలబడిపోయాం. "అమ్మా రెబ్కా, త్వరగా చూడమ్మా!" అంటూ ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు. రెబ్కా బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. ఆరేళ్లుగా టెక్నీషియన్ పని చేసింది తనేనని రాసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అది. ఏడాదిగా ఆయన సంతకం పెట్టకుండా తిప్పుతున్నాడు. "ముందు ఇది చూడండి సార్," అంది. ఆయన గోడకానించి సంతకం గీకాడు. అరగంటలో ముప్పై మెషీన్లూ లేచాయి.

ఆ కాగితంతోనే గుంటూరులో టెక్నీషియన్‌గా చేరాక బస్టాండులో నాకు కనిపించింది. "ఆ రోజు ప్రిన్సిపాల్ సంతకం పెట్టనంటే ఏం చేసేదానివక్కా?" అని అడిగాను.

"పిల్లల పరీక్ష ఎట్టా ఆపుతానురా? చేసేదాన్నే," అని నవ్వింది. "ఆ సంగతి ఆయనకి తెలీదుగా!"