ఒక్కపొద్దు నాడు ఏడు పళ్లేల భోజనం

ఆ రోజుల్లో అలసట అనే మాటను మేము పెద్దగా వాడేవాళ్లం కాదు, అది లేని రోజంటూ ఉంటే కదా. శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా తెరిచారు. మేము జొన్నలు వేసుకున్న చేల పక్కనే పెద్ద హోటలు లేచింది. అందులో నేను గిన్నెలు తోమేదాన్ని, మా తోడికోడలు దుప్పట్లు ఉతికేది. తను పది పాసైంది. ఆ సంగతి రోజుకు రెండుసార్లయినా నాకు గుర్తుచేసేది (నాకప్పటికి అక్షరాలు రావు, చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి). ఇంట్లో ఏనాడూ నాకు గ్లాసుడు మంచినీళ్లు అందించిన పాపాన పోలేదు.

హోటల్లో యూరప్ వంటల రెస్టారెంటు పెడుతూ వడ్డించే పనికి మనుషులను ఎంచుతున్నారని తెలిసి, తోడికోడలు పేరిచ్చింది. ఉతికే చోట వేడికి ఆమె చేతులు పొక్కిపోయాయి. నెల రోజులు శిక్షణ ఇచ్చి, చివర ఒక పరీక్ష పెట్టారు. పనివాళ్లనే అతిథులుగా కూర్చోబెట్టి వడ్డించాలి. నెగ్గితే రెస్టారెంటు, లేకపోతే మళ్లీ దుప్పట్లే. ఆ రోజు అతిథిగా కూర్చోవడానికి రాజేంద్రనగర్ నుంచి రావలసిన ఒకామె రాలేదు. శిక్షణ ఇచ్చే మేడం నేను గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి వచ్చి, "ఏమ్మా, చేతులు కడుక్కుని రా. ఇవాళ నువ్వే మా గెస్టువి" అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ రోజు శనివారం, నాకు ఒక్కపొద్దు. పొద్దున్నుంచి కడుపులో నీళ్లు తప్ప ఏమీ లేవు. రోజు మొత్తంలో ఒక్క పూటే తినాలి, అదీ ఒక్క విడతలోనే. ముందున్న పళ్లెం తీశారా, ఆనాటికి భోజనం అయిపోయినట్టే. మా అత్తగారి శాసనం అది. ఆ ఒక్క పూటా దొరల తిండి అయితే మరీ మంచిదనుకున్నాను.

నన్ను పనివాళ్ల బస్సు నడిపే అన్న పక్కన కూర్చోబెట్టారు. మాకు వడ్డించేది మా తోడికోడలే. ఎడమ చేయి వీపు వెనక పెట్టుకుని, "గుడాఫ్టర్నూన్ మేడం" అంది నన్ను చూసి. (ఇంట్లో అయితే "ఓ అక్కా, ఇంటున్నవా?" అని కేక.) చిన్న గిన్నెలో టమాటా రసంలాంటిది తెచ్చి పెట్టింది. కాకి తాగినంత ఉంది. మూడు చెంచాలు తాగేసరికి అడుగు కనబడింది. అన్నం ఎప్పుడు తెస్తుందా అని చూస్తుంటే, ఆమె కుడి పక్కగా వచ్చి నా గిన్నె మీద చేయి వేసింది. నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఏందక్కా, ఇడువు," అంది పళ్ల మధ్య నుంచి.

"ఎట్ల ఇడుస్తనే? ఇయ్యాల శనివారం."

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో! ఇది తీస్తెనే గదా ఇంకోటి తెచ్చేది. ఏడు తేవాలె."

"ఏడూ దీంట్లనే పొయ్యరాదు?"

"మేడం సూస్తుందక్కా."

మేడం నిజంగానే చూస్తున్నారు, చేతిలో కాగితం, పెన్ను. "ఏమిటండీ, ఏమైంది అక్కడ?" అన్నారు. గిన్నెను ఆమె అటు, నేను ఇటు పట్టుకుని ఉన్నాం. బొబ్బలు మానిన ఆమె వేళ్లు నా వేళ్ల పక్కనే ఉన్నాయి. ఆకలిని ఇంకో పూట ఓర్చుకోవచ్చు, ఆ ఉడుకు నీళ్ల దగ్గరికి మళ్లీ ఆమెను ఎలా పంపను? వదిలేశాను.

ఆ తర్వాత ఆరు పళ్లేలు వచ్చాయి. పచ్చని ఆకులు, తెల్లని మీగడ పోసిన పిండి గొట్టాలు, వెన్నలో వేగిన పుట్టగొడుగులు, వణికే మిఠాయి... ఒకదాని వెంట ఒకటి వచ్చి, నా ముందు పొగలు కక్కి, చల్లారి వెళ్లిపోయాయి. ముళ్ల చెంచాతో ముక్కలను ఈ అంచు నుంచి ఆ అంచుకు జరుపుతూ కూర్చున్నాను. పక్కనున్న బస్సన్న తన పళ్లెం నాకినంత పని చేసి, "నువ్వు తింటలేవాయె అక్కా, జర ఇటు జరుపు" అన్నాడు. మేడం అతనివైపు ఉరిమి చూసి, అందరితో, "గెస్టు ఎలా ఉంటుందో ఈమెను చూసి నేర్చుకోండి. కొంచెం రుచి చూసి వదిలేయడం! ఎంత హుందాగా ఉంది!" అన్నారు. నాకు కళ్లు తిరుగుతున్నాయి. లేచి తొట్టి దగ్గరికి వెళ్లేసరికి నేను తినని పళ్లేలే నా కోసం ఎదురుచూస్తున్నాయి, తోమమని.

సాయంత్రం బస్సులో తోడికోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. రెస్టారెంటుకు తీసుకున్నారట.

"గా రసమన్న మంచిగుండెనా అక్కా?"

"ఏమో. రుచి తెలిసేటాల్లకు అయిపాయె."

"ఇంకో గిన్నె అడిగితే పోస్తుంటి గదా! అది ఎత్తకముందు నువ్వు ఎన్ని గిన్నెలు తాగినా ఒక్క పూటనే గదనే."

నాకు ఆ ఉపాయం తట్టలేదు. ఆమెకూ అప్పుడే తట్టింది. ఇద్దరం ఎంత నవ్వామంటే, ముందు నుంచి బస్సన్న "ఏమైందమ్మా?" అని అడిగాడు. ఆకలి మీద నవ్వితే పొట్ట నొప్పి పుడుతుందని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు షుగరు వచ్చి డాక్టరమ్మ ఒక్కపొద్దులు మాన్పించింది. వేళకు ఇంత తిని మందు వేసుకుంటున్నాను. శనివారం మధ్యాహ్నాలు మాత్రం ఒక్కోసారి ఆ మనిషి కళ్లముందుకు వస్తుంది. తెల్లని గుడ్డ పరిచిన బల్ల ముందు నిటారుగా కూర్చుని, కడుపు మాడుతున్నా పుట్టగొడుగులను ఊరేగిస్తున్న మనిషి. ఆమెను చూస్తే జాలి వేస్తుంది. కానీ మేడం అన్నది నిజమే, ఎంత హుందాగా కూర్చుందో!