పసుపు తెరలో తెల్లమచ్చ

ఈ సెల్‌ఫోన్ కనిపెట్టినవాడు ఎదురుపడితే వాడి కళ్ళల్లో ఇంత కారం కొడతాను. మిగిలింది నా కళ్ళల్లో కొట్టుకుంటాను.

భీమవరం దగ్గర మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. ఇంటి నుంచి బండి మీద పది నిమిషాలు. గట్టు మీద కెమెరాలు పెట్టించాక ఆ పది నిమిషాలకే నాకు ఒళ్ళు బరువెక్కింది. నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయా, ఈ రోజు రేటెంత, అన్నీ ఫోన్లోనే. ఏడాది తిరక్కుండానే కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట, ఒకటే నీళ్ళు, కణతల్లో పోటు. మా ఆవిడ నందివర్ధనం పూలు తెచ్చి కళ్ళ మీద పెట్టి, "ఆ దిక్కుమాలిన ఫోను కాసేపు అవతల పారేయండి" అని తిట్టేది. పూలు కళ్ళ మీద ఉండగానే మంచమంతా ఫోన్ కోసం తడిమేవాణ్ణి.

కళ్ళ డాక్టరుగారు మధ్యమధ్య దూరంగా చూడమన్నారు. చెరువు దగ్గరికి పోతే కావలసినంత దూరం. నా వెధవ బుర్రకి తడితేగా! ఫోన్లో కళ్ళకి హాయినిచ్చే సెట్టింగేదో ఉందంటే అది పెట్టుకున్నాను. తెరంతా పసుపుపచ్చగా, మసకమసగ్గా అయింది. మంట తగ్గింది, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ వారంలోనే, మా చెరువులు చూసుకునే పెద్దాయన మేత ట్రే పైకెత్తి, అందులో రొయ్యల్ని ఫోటో తీసి పంపాడు. వెంటనే ఫోన్ చేశాడు.

"మేత మిగిలిపోతందండి. ఓసారొచ్చి చూడండి బాబూ."

ఫోటో చూశాను. మచ్చా లేదు, మరకా లేదు.

"లక్షణంగా ఉన్నాయి కదయ్యా! మబ్బు పట్టింది, అందుకే తినట్లేదు. ఊరికే కంగారు పెట్టకు," అని కసిరాను. మర్నాడు మళ్ళీ పంపితే మళ్ళీ కసిరాను.

మూడోరోజు చచ్చిన రొయ్యలు గట్టు వారకి కొట్టుకొచ్చాయి. పరిగెత్తాను. ఎండలో చేతిలోకి తీసుకుని చూస్తే తలపెంకు నిండా తెల్లమచ్చలు, చెరువుకి చెరువునే తుడిచిపెట్టే రోగం. రెండురోజుల ముందు తెలిసుంటే బతికున్నవైనా పట్టించి అమ్మేసేవాళ్ళం. గట్టు మీదే నిలబడి ఆ పసుపు సెట్టింగు తీసేసి పాత ఫోటో తెరిచాను. మచ్చలన్నీ అందులోనే ఉన్నాయి.

కోపం పట్టలేక పెద్దాయన మీద పడ్డాను. "ట్రే నీ చేతిలోనే ఉంది కదా! నీకు కళ్ళు లేవా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాకు చూపు ఆనదని మీకు తెలుసు కదండి. మీరు చూస్తారనే కదండి ఫోటో పంపింది."