తెల్లెద్దు తప్పు లేదు

నిన్న చీరాల వెళ్ళే ఆటోలో మిరపకాయల బస్తాల మధ్య కూర్చున్నాను. ఆ ఘాటుకు కళ్ళు మూతలు పడుతుండగా, తన కొత్త సెల్‌ఫోను మోగిందని డ్రైవరు బ్రేకు వేశాడు. ముందుకు తూలిపోయాను.

పక్కనే కూర్చున్న, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు నవ్వింది. "జడత్వం తాతయ్యా. ఆటో ఆగింది, నువ్వు ఆగలేదు."

నాకు ఏడేళ్ళప్పుడు ఇదే ఘాటులో, కల్లం నుంచి వస్తున్న ఒంటెద్దు బండిలో బస్తాల మీద పడుకుని ఉన్నాను. బండి నడుస్తోందో, మబ్బులు నడుస్తున్నాయో తెలియని హాయి. బండి తోలే నాన్న కునుకు తీస్తున్నాడు. కాళ్ళకు అడ్డంగా కుక్కపిల్ల వచ్చేసరికి మా తెల్లెద్దు నిలబడిపోయింది. నేను మాత్రం దాని వీపు మీదుగా వెళ్ళి దుమ్ములో పడ్డాను.

"ఎవర్రా తోసింది?" అన్నాడు నాన్న, ఉలిక్కిపడి లేచి.

ఎవరూ తోయకుండా మనిషి పడతాడని నాకేం తెలుసు? "తెల్లెద్దే" అన్నాను.

ఇంటి దగ్గర పెదనాన్న దాని మెడ కింద వెంట్రుకల సుడి తడిమాడు. "కొనేటప్పుడే చెప్పానురా, ఇది చెడ్డ సుడని. విన్నావా?"

మరుసటి వారమే దాన్ని సంతకు తోలారు. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి నాకింది.

బడి మొహం చూడకపోయినా, దొరికిన కాగితమల్లా చదివి పెరిగినవాణ్ణి. ఇన్నేళ్ళలో ఈ జడత్వం అనే ఒక్క ముక్క నాకెవరూ చెప్పలేదే అని ఒళ్ళు మండింది.

మనవరాలితో ఆ పాఠం మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడుసార్లూ ఎద్దు తప్పు లేదు.