ఉప్మా గిన్నె మూత

మా ఆయన పోయిన మరుసటి ఏడు, డెబ్బై ఎనిమిదిలో, కొత్తపేట దగ్గర ఒక ఊరి బాల్వాడీలో నన్ను ఆయాగా వేశారు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. బాల్వాడీ అంటే బడి ఈడు రాని పిల్లలను పగలు ఉంచుకునే చోటు. టీచరుగారు, ఆవిడ పైన తనిఖీకి వచ్చే ముఖ్యసేవికగారు, అందరి కిందా నేను. ఇంటింటికీ వెళ్ళి పిల్లలను పోగుచేయడం, ముక్కులు తుడవడం, ఉప్మా వండడం నా పని.

ఆ పిల్లల్లో మణి ఒకర్తి. అయిదేళ్ళది. మాట లేదు, పిలిస్తే చూడదు, ముట్టుకుంటే అరుస్తుంది. ఇప్పుడు దాన్ని ఆటిజం అంటున్నారు. అప్పుడు మాకా మాట తెలియదు. వాళ్ళమ్మ అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో పనికి పోయేది. బాల్వాడీలో చేర్చకముందు పిల్లను మంచంకోడుకి కట్టేసి వెళ్ళేదట.

పిల్లలు ఇంటినుంచి తెచ్చుకున్న కంచాలన్నీ మణి గోడవారన వరుసగా పేర్చేది. ఒకటి కదిపితే పైకప్పు లేచిపోయేలా ఏడుపు. ఈలోగా ఉప్మా చల్లారి రాయి అయ్యేది.

"ఈ పిల్ల మన వల్ల కాదు ఆయమ్మా, పేరు తీసేయమని పైకి కబురు పెట్టేసేను" అన్నారు టీచరుగారు.

పేరు పోతే పిల్ల మళ్ళీ ఆ మంచంకోడు దగ్గరికే.

దారి చూపించింది ఆ పిల్లల్లోనే ఒకడు, బుజ్జిగాడు. ఆకలికి ఆగలేక వాడు వరుసలో తన కంచం వెనక చతికిలబడి, నోటితో బస్సు హారను కొట్టాడు. మిగతావాళ్ళూ ఎవరి కంచం వెనక వాళ్ళు ఎక్కేశారు. కంచాలు కదలలేదు, మణి ఏడవలేదు. నేను అలాగే వడ్డించేశాను.

మర్నాటి నుంచి అదే ఆట. మణి కంచం పెట్టాలి, ఆ కంచం గలవాళ్ళు వచ్చి ఎక్కాలి. టీచరుగారు కూడా టిక్కెట్లు కొడుతూ తిరిగేవారు. బుజ్జిగాడు కావాలని వేరేవాళ్ళ చోట కూర్చునేవాడు. మణి వాడి మొహంలోకి చూసి, చెయ్యి పట్టుకుని లేపి, వాడి సీటుకి లాక్కెళ్ళేది. ముట్టుకుంటే అరిచే పిల్ల, నవ్వుకుంటూ.

అలా ఆడుతుండగా ఒకరోజు ముఖ్యసేవికగారు జీపు దిగారు. పిల్లలకు పెట్టేది తనిఖీకి వచ్చినవారు ముందు రుచి చూడాలి. ఆవిడ వరుసలోంచి ఒక కంచం తీసి నా ముందు చాపారు. మణి వచ్చి దాన్ని లాక్కుని మళ్ళీ వరుసలో పెట్టేసింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు ముఖ్యసేవికగారు.

"అది బుజ్జిగాడి సీటండీ" అన్నాను.

"మరి నాదేదీ?"

"మీరింకా బస్సెక్కలేదు కదండీ."

మణి ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. వెళ్ళి ఉప్మా గిన్నె మూత తెచ్చి వరుస చివర పెట్టింది. ఆవిడ చిటికెనవేలు పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. గంజి పెట్టిన చీరతో ఆవిడ నేల మీద కూర్చుని మూతలో ఉప్మా తిన్నారు. గుమ్మంలో జీపు డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నవ్వకు. నువ్వూ రా, నీకు గరిటె ఇస్తుందేమో" అన్నారావిడ. తరవాత టీచరుగారి వైపు తిరిగి, "పేరు తీసేయాలన్న పిల్ల ఏదండీ?" అని అడిగారు.

"మీకు మూత పెట్టిన పిల్లేనండీ."

"తీసేస్తే ఈసారి వచ్చినప్పుడు నాకు సీటెవరిస్తారు?"

పేరు ఉండిపోయింది. మణికి మాట ఆ తరవాతా పెద్దగా రాలేదు, మంచంకోడు అవసరం మాత్రం పోయింది. నేను ఉద్యోగం నుంచి దిగిపోయేవరకు, విడిగా ఆడుకునే పిల్ల ఎవరొచ్చినా మా ఆటలోకి లాగలేదు. ఏం ఆడుతోందో చూసి, ముందు నేను వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. తనిఖీ రోజున మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆ మూత తోమేదాన్ని.