చిలకపచ్చ జెర్సీలో మహేంద్రగిరి

మంచి బట్ట అంటే బరువైన బట్ట అని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. బరంపురం బడా బజార్లో మా మావయ్యకు బట్టల హోల్‌సేల్ కొట్టు ఉండడం, నేను ఆ తానుల మధ్యే పెరగడం అందుకు కొంత కారణం. (మిగతా కారణం పాతికేళ్ల వయసు.) అప్పట్లో నేనొక తెలుగు దినపత్రికకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ని. పని విలేకరిది, హోదా ఎవరిదీ కాదు. ఒకరోజు శ్రీకాకుళం డెస్కు ఇన్‌చార్జి ఫోన్ చేసి, మీ ఊరి జట్టొకటి వానల్లో మహేంద్రగిరి ఎక్కుతోందట, నువ్వూ వెళ్లి రాయమన్నాడు. "శిఖరం దాకా ఎక్కాలి. సగంలో దిగొచ్చినవాడి కథ మనకొద్దు. ఇది బాగా వస్తే స్టాఫ్‌లోకి నీ పేరు నేనడుగుతాను" అన్నాడు. మూడేళ్లుగా నేను ఎదురుచూస్తున్న మాట అది.

జట్టును నడిపించే అక్క గోపాలపూర్ దగ్గర వేట మీద బతికే కుటుంబం నుంచి వచ్చిన డ్రిల్లు టీచరు. ఆవిడ అందరికీ ఒక కాగితం పంపింది. నూలు బట్టలు వద్దు, జీన్స్ అసలే వద్దు. పల్చగా, తేలిగ్గా, ఇట్టే ఆరిపోయేవి తెచ్చుకోండి, గాలివానకు పైన వేసుకునేది ఒకటి ఉండాలి. నేనేమో పేపర్లో పడబోయే ఫొటో కోసం అప్పటికే ఏనుగు చర్మమంత మందం జీన్స్ కొని పెట్టుకున్నాను. జీవితమంతా నూలు అమ్మిన మనిషి నూలు వద్దన్న కాగితం చూస్తే ఎలా ఎగిరిపడతాడో చూద్దామని మావయ్యకు ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఈ అమ్మెవరో గానీ గుడ్డ తెలిసిన మనిషిరా అల్లుడా" అన్నాడు.

తర్వాత లోపలికెళ్లి, పొలసర ఊరి కబడ్డీ జట్టు కుట్టించుకుని తీసుకెళ్లని జెర్సీ ఒకటి, దాని జత నిక్కరుతో సహా పట్టుకొచ్చాడు. చిలకపచ్చ రంగు. వీపు మీద ఏడో నంబరు, ఛాతీ మీద ఒడియాలో ఒక మిఠాయి కొట్టు పేరు. ఆ జెర్సీనీ నా జీన్స్‌నీ ఒకే బకెట్లో ముంచి తీసి, "ఒకో సేత్తో ఒకోటి సాపి పట్టుకో. టీ తాగొస్తాను" అని వెళ్లిపోయాడు. ఆయన తిరిగొచ్చేసరికి జెర్సీ చెయ్యి చాచినట్టే ఉంది, జీన్స్ చెయ్యి మోకాలి దాకా జారిపోయింది. "ఏటి, అప్పుడే దిగిపోనావు? కొండెక్కడుంది, నువ్వెక్కడున్నావు?" అన్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి నవ్వింది. మావయ్య నవ్వలేదు. జెర్సీని నోటికి ఆనించుకుని ఊది, అవతల నా అరచేతికి గాలి తగిలిందా అని అడిగాడు. గొడుగు గుడ్డ తెప్పించి దర్జీ పక్కన కూర్చుని పైకోటు కుట్టించాడు. మడిస్తే గుప్పిట్లో పట్టింది. జన్మలో కొండెక్కని ఆ మనిషి మూడు రోజుల పాటు బేరాలు పక్కన పెట్టి నా ఒంటి మీద పడబోయే వాన గురించే ఆలోచించాడు.

ఇంతా చేస్తే నేను ఆ మూటను సంచి అడుగున కుక్కి, జీన్స్ వేసుకుని బయల్దేరాను. (ఫొటో గురించి చెప్పాను కదా.) మొదటి ఏటవాలులోనే వాన దొరికింది. జీన్స్ తాగగలిగినంత తాగింది. మోకాలు వంగనంటుంది, తొడలు మండుతున్నాయి. అందరూ ముందుకెళ్లిపోయాక అక్క వెనక్కి వచ్చింది.

"ఏటి తమ్ముడూ, ఒంటికి సముద్రం కట్టుకొచ్చేవా? తడిసిన వల లాగినప్పుడు మా అయ్య ఇలాగే ఒగిర్సేవోడు. పది గంటలకి ఆ పెద్ద రాయి దాటకపోతే నిన్ను కిందకి పంపించేస్తాను. నీ కోసం అందర్నీ వాన్లో నిలబెట్టలేను."

పంపించేస్తే స్టాఫ్ ఉద్యోగమూ నాతోపాటే దిగిపోతుంది. పక్కనే ఉన్న ఒక బండ చాటుకు వెళ్లి సంచి తెరిచాను. ఏడో నంబరు చిలకపచ్చలో బయటికి వచ్చేసరికి అక్క ఎగాదిగా చూసింది. "ఇది సంచిలో ఎట్టుకునా ఇంతసేపు ఏడిసేవు?" అంటూ పైకోటు అంచు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఎవరు కుట్టించేరు?" అంది. చెప్పాను. "మీ మావయ్యని మాకూ కుట్టించమని అడుగు" అంది. జీన్స్‌ను అక్కడే రాతి మీద పరిచేసి ఎక్కాను, పది కాకముందే పెద్ద రాయి దాటాను. వాన ఆగిన కాసేపటికే జెర్సీ ఒంటి మీదే ఆరిపోయింది. మబ్బులు కాళ్ల కింద పోతుంటే శిఖరం మీద నిలబడి ఫొటో దిగాను. (కొండ దిగేటప్పుడు చూస్తే జీన్స్ ఇంకా నీళ్లు కారుస్తూనే ఉంది.)

కథనం అచ్చయింది, ఉద్యోగమూ వచ్చింది. పత్రిక తీసుకుని కొట్టుకు పరిగెత్తాను. మావయ్య దాన్ని మడిచి పక్కన పెట్టి, నన్ను కూర్చోమన్నాడు. "ఇప్పుడు సెప్పు. సంచి పట్టీ కింద ఒరుసుకుందా? సెమట ఆగినాక ఎంతసేపటికి సలేసింది? పైకోటు లోపల ఆవిరి పట్టిందా?" నేను కొండ మీది పాత గుడి రాళ్ల గురించి రాశాను, మబ్బుల గురించి రాశాను. ఆ మూడింటి కోసం పత్రిక మళ్లీ విప్పి చూసుకున్నాను, ఒక్కటీ లేదు. "మరి ఏటి సూసొచ్చేవురా?" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

ఆ ఆదివారం వాన పట్టేదాకా ఆగి, ఆ బట్టలే వేసుకుని తారాతారిణి అమ్మవారి గుడి కొండ మెట్లెక్కాను. కొత్తగా స్టాఫ్ రిపోర్టరైన పెద్దమనిషి ఒకడు మెట్టు మెట్టుకూ ఆగి, తన చంకలో తనే చెయ్యి పెట్టి చూసుకుంటూ, తడిసిన నోట్‌బుక్కులో మావయ్య ప్రశ్నలకు జవాబులు శ్రద్ధగా రాసుకుంటున్నాడు. దణ్ణానికొచ్చిన జనం అతనికి దూరంగా జరిగి దారిస్తున్నారు. పత్రిక కోసం తర్వాత చాలానే రాశాను గానీ, అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని మాత్రం మళ్లీ రాయలేదు.