మస్తాన్ భాయ్ పోసిన చిక్కటి ఆయిలు

మొన్న మా కోడలి కారును సర్వీసుకు తీసుకెళ్ళాను. మెకానిక్ కొత్త డబ్బా మూత తిప్పగానే ఇంజనాయిలు వాసన గుప్పుమంది. వంచితే నీళ్ళలా జారిపోయింది. ఇంత పలచగా ఉందేమిటి అనబోతుండగా మస్తాన్ భాయ్ గుర్తొచ్చాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే చాలు, ఆత్మకూరులో ఉదయగిరి రోడ్డు మీది ఆయన రేకుల షెడ్డుకు పోయి కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

డెబ్భైల చివర్లో నేను ఆత్మకూరులో ఒక డాక్టరు గారి అంబాసిడర్ నడిపేవాణ్ణి. ఆ ఉద్యోగం ఇప్పించింది మెకానిక్ మస్తాన్ భాయే. స్టీరింగు పట్టడం ఎవరైనా నేర్పుతారు. ఇంజను చప్పుడు వినడం ఆయన నేర్పాడు. ఆయిలు చుక్క ఒకటి నా వేళ్ళకు రాసి, వేళ్ళు మెల్లగా విడదీసి చూడమనేవాడు. "బండి పాతబడే కొద్దీ లోపల సందులు పెరుగుతాయిరా. పలచంది పోస్తే నిలవదు. మన ఎండలకు చిక్కంగా ఉండాల" అనేవాడు. అంబాసిడర్ విషయంలో అది అక్షరాలా నిజం. ఏళ్ళ తరబడి ఆ కారు ఒక్కనాడూ మమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెట్టలేదు. ఆయన మాట నాకు వేదవాక్కు.

ఎనభైల మధ్యలో డాక్టరు గారు కొత్తరకం చిన్న కారు కొన్నారు. దాంతో వచ్చిన పుస్తకాన్ని, నాకున్న పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. చలికి చిక్కబడని పలచటి రకమే పొయ్యమని గ్రేడుతో సహా రాసుంది. ఆయిలు మార్చే రోజు మస్తాన్ భాయ్ అంబాసిడర్‌కు పోసే డబ్బానే తెచ్చాడు. "కొత్త బండి గదా శీనా, మంచి చిక్కంది పోద్దాం" అన్నాడు, చంటిబిడ్డకు గడ్డపెరుగు వడ్డించేవాడిలా. పుస్తకం సంగతి నాకు గుర్తుంది. చెప్పలేదు. పని నేర్పిన ఉస్తాద్‌కు ఎదురు చెప్పడం మా షెడ్డులో లేదు. పైగా, ఆ పుస్తకం రాసినవాడికి మా ఎండల సంగతేం తెలుసులే అని నేనూ అనుకున్నాను.

వారానికొకసారి డాక్టరు గారు ఉదయగిరిలో రోగుల్ని చూసేవారు. చలికాలం పొద్దున్నే స్టార్టు చేస్తే ఇంజను పైభాగంలో టకటకమని చప్పుడు. చిక్కటి ఆయిలు ఆ సన్నటి దారుల్లో పైకెక్కేసరికి ఆలస్యమయ్యేది. అందాకా ఇనుమూ ఇనుమూ రాసుకునేవి. రెండు చలికాలాలు ఆ చప్పుడు విన్నాను. చివరికి ఒకరోజు దుత్తలూరు దగ్గర బండి ఆగిపోయింది. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. మూత విప్పితే లోపలంతా అరిగిపోయి ఉంది.

డాక్టరు గారు పుస్తకం పట్టుకుని షెడ్డుకే వచ్చారు. "చదువుకున్నోడివి గదయ్యా. ఇది చూసినావా లేదా? చూసి కూడా గమ్మునుంటే నాకు నువ్వొద్దు" అన్నారు. మా ఇంట్లో అప్పటికి మూడు నెలల బిడ్డ. 

మస్తాన్ భాయ్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "చూసినాడు సార్. నాకు చెప్పినాడు కూడా. నేనే వినలా. ముప్పై ఏళ్ళ సర్వీసని పొగరు. అబ్బాయిని ఏం అనబాకండి."

నా ఉద్యోగం నిలిచింది. డాక్టరు గారి కారు మాత్రం మళ్ళీ ఆ షెడ్డుకు రాలేదు. ఊళ్ళో తక్కిన కార్లవాళ్ళూ ఒక్కొక్కరే తప్పుకున్నారు.

ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని అడిగాను. "నేను చెప్పలేదు గదా భాయ్, చెప్పినానని ఎందుకన్నావు?"

"చలికి పైన టకటకమనే చప్పుడు నీకు వినపడిందా?" అన్నాడు.

"పడింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

పోయినేడు చలికాలం నుంచీ అన్నాను. అప్పుడు వాడిపోయింది ఆయన ముఖం. డాక్టరు గారు అంతసేపు అరిచినా అలా కాలేదు.

"వినడం నేర్పినాను గదరా. విని నా కాడికి రాకపోతివే. నేనంత పరాయోణ్ణా నీకు?"

ఆ తర్వాత ఎందరో యజమానుల దగ్గర పనిచేశాను. తప్పు కనిపిస్తే మొహం మీదే చెప్పాను, ఆ నోటి దురుసుతో రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను కూడా. బాధ లేదు. కానీ ఆ సాయంత్రం ఆయన నా జవాబు కోసం చాలాసేపు చూశాడు. నువ్వు పరాయోడివి కాదు భాయ్ అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అదీ అనలేదు.