ఆపేసిన కంప్యూటర్ రాయదు

నిన్న పొద్దున నా కంప్యూటర్ ఒక మాట అడిగింది. పాత లాగ్ ఫైళ్లు చాలా జాగా తింటున్నాయి, చెరిపేయమంటారా అని. మర్యాదగానే అడిగింది, అయినా నాకు చిర్రెత్తుకొచ్చింది. లాగ్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. సాఫ్ట్‌వేర్ తాను చేసిన ప్రతి పనినీ, పడ్డ ప్రతి అవస్థనీ వేళతో సహా రాసుకుంటూ పోయే ఫైలు. దాన్ని ఎవరూ చదవరు. మా వదిన కుర్చీకి ముప్పు వచ్చేదాకా నేనూ చదవలేదు.

అప్పట్లో నేను నంద్యాలలో, పొలాల మట్టి పరీక్షల వివరాలు చూసే చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. మా అన్న భార్య అదే ఆఫీసుకు ఆళ్లగడ్డలో ఉన్న సెంటర్‌లో కూర్చునేది. సెంటరంటే మా యజమాని వాళ్ల కిరాణా అంగడి వెనక గది. చింతపండు, వక్కపొడి వాసనల మధ్య ఒక కంప్యూటర్. ముందు గల్లాపెట్టె దగ్గర యజమాని తల్లి, మా అందరికీ అవ్వ. ఆమెను దాటి ఈగ కూడా లోపలికి పోయేది కాదు. అహోబిలం దారి పల్లెల వివరాలు వదిన సాయంత్రం పంపితే, నంద్యాలలో మా సాఫ్ట్‌వేర్ వాటిని నమిలి ఏ చేనుకు ఏ ఎరువో చెప్పేది. శుక్రవారం మాత్రం ఫైలు సగంలో తెగిపోయేది, మా తెర మీద ఎర్రక్షరాలు వచ్చేవి. సగం పల్లెలకు సలహా అందక రైతులు మమ్మల్ని తిట్టేవాళ్లు. పని ఇచ్చిన కంపెనీ సంజాయిషీ అడిగింది.

యజమానికి కారణం వెతకాల్సిన పనే లేకపోయింది. మాది చర్చికి పోయే ఇల్లు, శుక్రవారం సాయంత్రం ఉపవాస ప్రార్థన కూటం. "మీ వదిన కూటానికి లేటయితాదని కంప్యూటర్ ఆపేసి పోతాంది. ఇంగ చూసేదేముంది?" అన్నాడు. నెట్ పోతోందని వదిన చెబితే సాకు అన్నాడు. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలట, లేదంటే ఇంకొకరిని చూసుకుంటాడట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆళ్లగడ్డ కంప్యూటర్ లాగ్ తెప్పించుకుని కూర్చున్నాను. మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. చదవగా చదవగా దారి దొరికింది. ప్రతి శుక్రవారం దీపాలు పెట్టే వేళకు నెట్ తెగిందని ఒక వరస. దాని కింద మళ్లీ ప్రయత్నిస్తున్నాను, మళ్లీ ప్రయత్నిస్తున్నాను అంటూ పుటలకు పుటలు. మా ఇంట్లో ఎవరికీ అంత ఓపిక లేదు. అవి అచ్చు తీసి యజమాని ముందు పెట్టి, "ఆపేసిన కంప్యూటర్ ఎట్ల రాస్తాదన్నా?" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఆ శుక్రవారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. చీకటి పడుతుండగా అవ్వ లేచి, లక్ష్మీదేవి పటానికి పూలు పెట్టి, దీపం వెలిగించి, పటం చుట్టూ చుట్టిన సీరియల్ లైట్ల ప్లగ్ చేతిలోకి తీసుకుంది. బోర్డులో ఖాళీ లేదు. పక్కనున్న నెట్ డబ్బా ప్లగ్ పీకేసి, దీన్ని పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. లోపలి గదిలో ఉన్న వదినకు ఇదేదీ కనబడదు. నేను సంగతి చెబితే అవ్వ, "వారానికొక తూరి తల్లికి లైట్లు పెడితే మీ మిషన్‌కు కడుపునొప్పా?" అంది. ఆమెను నేను తప్పు పట్టలేదు. పూజ ఆమెది, ప్రార్థన మాది. నింద మాత్రం మా వాటాకే ఎందుకు రావాలి?

సంగతి ఫోన్లో చెబితే యజమాని మెత్తబడ్డాడు. తల్లి పేరు కంపెనీకి ఎట్లా రాస్తాడట, వదిన పేరే ఉండనివ్వమన్నాడు, పనికి ఢోకా లేదన్నాడు. వదిన నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "అవ్వ పేరు రాయొద్దన్నా, నా పేరూ రాయొద్దు. ప్లగ్ పీకినారని రాయి. నేను ఈడే కూర్చోనుంటి, ఆ మాట మాత్రం రాయల్ల," అని పెట్టేసింది.

ఆయన రాయలేదు. నేనే ఆ లాగ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా కంపెనీకి పంపాను. ఆయన క్షమించమని అనలేదు. అంగడిలోకి కొత్త ప్లగ్ బోర్డు మాత్రం వచ్చింది. వదిన ఆ కుర్చీలోనే ఉండిపోయింది. శుక్రవారం ఫైలు పూర్తిగా పోయేదాకా చూసి, బైబిలు చంకన పెట్టుకుని, అందరూ చూస్తుండగా అంగడి ముందు నుంచే కూటానికి పోయేది.

అందుకే నిన్న 'వద్దు' అని నొక్కాను. కాలం మనల్ని అడక్కుండానే ఎన్నో చెరిపేసుకుంటూ పోతుంది. అడిగినప్పుడైనా వద్దనకపోతే ఎట్లా?